ఇచ్చిన మొక్కని తిరిగి తెచ్చేసుకునే మనిషి

మా మావయ్యగారు ఇచ్చిన మొక్కని తిరిగి తెచ్చేసుకునేవారు. దొంగచాటుగా కాదు. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, పెయింటు బకెట్లో ఉన్న టమాటా మొక్కని చంకలో ఇరికించుకుని వీధి మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చేసేవారు. వెనకాల ఆ ఇంటివాళ్ళు గుమ్మంలో నిలబడి నోరెళ్ళబెట్టి చూస్తూ ఉండేవారు. మర్నాడు వాళ్ళకి ఎదురుపడాల్సింది మాత్రం నేను.

ఆయన పోయి రెండు నెలలైంది. పోయినప్పుడు వచ్చేవాళ్ళకి కుర్చీలు వేయడం, కాఫీలు అందించడం, ఆ హడావిడిలో సరిగ్గా ఏడవలేదు కూడా. మొన్న ఆదివారం మా చర్చిలో కోత పండుగ జరిగింది. బల్ల మీద గుమ్మడికాయలకీ అరటిగెలలకీ మధ్య ఒక స్టీలు పళ్ళెంలో టమాటాలు కనిపించాయి. అప్పటినుంచీ మనిషి నా కళ్ళ ముందునుంచి కదలడం లేదు.

రాజమండ్రిలో ఒక మిషన్ హైస్కూల్లో ఆయన డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రిటైరయినా విజిల్ మాత్రం చొక్కా జేబులోనే ఉండేది. ఎదురుగా బడిపిల్లలు లేరు కాబట్టి ఆ డ్రిల్లంతా టమాటా నారుకి జరిగేది. మేడ మీద పిట్టగోడ వారన పెరుగు డబ్బాలన్నీ ఒకే వరసలో ఉండాలి. ఏ డబ్బా అయినా వరస తప్పితే కాలితో నెమ్మదిగా జరిపి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక చివరినుంచి ఇంకో చివరికి నడిచేవారు. ఆగిన చోటల్లా ఏదో ఒక మొక్కకి చివాట్లే.

ఆ గింజ వాళ్ళ అమ్మగారిది. గుమ్మడికాయలా గాట్లు పడిన నాటు టమాటా, తోలు పలచన, పులుపు జాస్తి. పప్పులో రెండు వేస్తే చింతపండు అక్కర్లేదు. బాగా పండిన కాయని గ్లాసులోకి పిండి, కాసిని నీళ్ళు పోసి, మూడు రోజులు వంటగది కిటికీలో పెట్టేవారు. పైన తెట్టు కట్టేది. ఆ వాసన ఇల్లంతా. చుట్టాలొస్తే నేను అగరొత్తులు వెలిగించి తంటాలు పడేదాన్ని.

"పారబోసెయ్యమంటారా మావయ్యగారూ?" అని అడిగితే, "కుళ్ళనివ్వమ్మా. గింజ చుట్టూ ఉన్న ఆ జిగురు పోతేనే అది మొలుస్తుంది," అనేవారు. తరవాత కడిగి, పాత పంచె ముక్క మీద ఆరబెట్టేవారు. కాగితం మీద పెడితే అంటుకుపోతుందని కాగితం దగ్గరికి రానిచ్చేవారు కాదు. మాకు గోదావరి లంకల నుంచి వచ్చే ఒండ్రుమట్టి, కోనసీమ కొబ్బరిపొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి డబ్బాల్లో నింపి, డబ్బాకి రెండేసి గింజలు. రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని పీకేవారు కాదు, పీకితే రెండోదాని వేరు కదులుతుందని కత్తెరతో మొదలంటా కత్తిరించేవారు. కత్తిరించే ముందు ఒక్క క్షణం ఆగేవారు. ఆ ఆగడం చూస్తే నాకు ముచ్చటేసేది.

ఇంకొకటి చేసేవారు. రోజూ పొద్దున్నే నారు మీద అరచెయ్యి ఆనీ ఆనకుండా అటూ ఇటూ రాసేవారు. అలా తల నిమిరితే కాండం గట్టిపడుతుందట. "మీ అబ్బాయిని ఎప్పుడైనా ఇలా నిమిరారా?" అని ఒకసారి అడిగాను. "వాడు గట్టిగానే ఉన్నాడుగా," అన్నారు. మా ఆయనకి ఆ మాట చెబితే నవ్వి ఊరుకున్నాడు గానీ, ఆ సాయంత్రం సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆరు ఆకులు వచ్చాక నారు పంచడం మొదలయ్యేది. పంచడం అంటే ఊరికే చేతిలో పెట్టడం కాదు, పిల్లని అత్తారింటికి పంపినట్టు సవాలక్ష అప్పగింతలు. మెడ దాకా మట్టిలో పాతండి, కాండమంతా వేళ్ళేస్తుంది. ఆకుల మీద నీళ్ళు పొయ్యకండి. పొద్దున పొయ్యండి, సాయంత్రం పొయ్యకండి. ఒకరోజు మరిచిపోయి మర్నాడు రెండింతలు పోస్తే కాయ అడుగున నల్లగా కుళ్ళిపోతుంది, అలా చెయ్యకండి. రెండు వారాలు తిరిగేసరికి ఆయనే చూడ్డానికి వెళ్ళేవారు. వాడిపోయి కనిపిస్తే ఇక మాటల్లేవు. "ఇది ఇక్కడ బతకదమ్మా," అని చంకలో పెట్టుకుని వచ్చేయడమే.

నేను కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. మా సూపరింటెండెంటు గారింటికి ఒక మొక్క నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను, మంచి చేసుకుందామని. వాళ్ళు దాన్ని ఏసీ వేడిగాలి తగిలే చోట పెట్టారట. మావయ్యగారు చూశారు, తెచ్చేసుకున్నారు. మర్నాడు ఆఫీసులో అందరి ముందూ సూపరింటెండెంటు గారు చాలా మర్యాదగా, "మీ మావయ్యగారు మా ఇంటికి తనిఖీకి వచ్చారమ్మా, మేము ఫెయిలయ్యాం," అన్నారు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి గొడవపడితే ఆయన నింపాదిగా, "మొక్క చచ్చిపోతుంటే మర్యాదలేంటమ్మా?" అన్నారు. ఆ తిరిగొచ్చిన మొక్క అప్పటికే మేడ మీద వరసలో నిలబడి ఉంది.

ఇలాంటి మనిషికి కోత పండుగంటే ఎలా ఉంటుందో చెప్పాలి. సంవత్సరానికొకసారి చర్చిలో అందరూ తమ ప్రథమ ఫలాలు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పల్లెల్లో అయితే సొంత పొలంలో పండినవే తెస్తారు. మా టౌను చర్చిలో పొలాలున్నవాళ్ళు ఎందరని? శనివారం సాయంత్రం బజారుకెళ్ళి ఒక గుమ్మడికాయో, బియ్యం సంచో, కొబ్బరికాయలో కొనుక్కొచ్చి పెడతాం. పాస్టరు గారి దగ్గర్నుంచి ఎవరూ తప్పు పట్టరు. మావయ్యగారు ఒక్కరే పట్టేవారు. "బజారులో కొన్నది ప్రథమ ఫలం ఎలా అవుతుందండీ? కొట్టువాడి ఫలం అవుతుంది," అనేవారు. ఆయన టమాటాలు మాత్రం మేడ మీద పండినవే, పళ్ళెంలో కూడా వరసలో పేర్చినవే.

చర్చి వెనక సందులో జాకెట్లు కుట్టే అక్క ఒకావిడ ఉంది. భర్త ఆటో నడుపుతాడు. ఒక ఏడు ఆవిడ పెద్ద గుమ్మడికాయ తెచ్చి పెట్టింది, ఎంతో ఇష్టంగా కడిగి, తుడిచి మరీ. మావయ్యగారు వంగి చూసి, "ఈ గుమ్మడికాయ మీ మిషను మీద కాసిందా అమ్మా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేశారు. ఆవిడ కూడా నవ్వింది, తల మీద కొంగు సర్దుకుంటూ. నేను పక్కనే ఉన్నాను. అది నవ్వు కాదని నాకు తెలిసింది.

ఆవిడ పగ పెట్టుకునే మనిషి కాదు. ఆ తరవాత, "నాకూ ఒక మొక్క ఇవ్వండి మాస్టారండీ, నేనూ పండించినదే తెస్తాను," అని అడిగింది. "మీ సందులో ఎండ రాదమ్మా. ఇచ్చి మళ్ళీ తెచ్చుకోవడం దేనికి?" అన్నారాయన. ఆయన మట్టుకు ఆయన నిజమే చెప్పాననుకున్నారు.

రెండేళ్ళ కిందట తుపాను పట్టి, వారం రోజులు ముసురు. తెరిపిచ్చాక తెల్లదోమ దిగింది. మొక్కల ఆకులు పైకి ముడుచుకుపోయి, పూతంతా రాలిపోయింది. ఆయన వేప నూనె కొట్టారు, బూడిద చల్లారు, జేబులోని విజిల్ తీసి పక్కన పెట్టేసి మొక్కల ముందు పీట వేసుకుని కూర్చున్నారు. ఒక్కటీ తేరుకోలేదు. అన్నీ పీకి తగలబెట్టేశారు. ఉన్న గింజంతా ఆ ఏడే పోసేశారు, దాచుకున్నది లేదు. కోత పండుగ ఇంకో వారంలోకి వచ్చింది.

శనివారం సాయంత్రం నేను కూరలకని రైతుబజారుకెళ్ళాను. సన్నగా జల్లు పడుతోంది. ఒక టమాటా గుట్ట ముందు మావయ్యగారు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఏరుతున్నారు. నున్నటివి, గుండ్రటివి పక్కకి తోసి, వంకర టింకరగా ఉన్నవీ, తొడిమ ఉన్నవీ సంచిలో వేసుకుంటున్నారు.

"మంచివన్నీ వదిలేసి ఆ వంకరవి ఏరుతున్నారేంటండీ?" అంటోంది అమ్మే ఆవిడ.

"నాకివే కావాలమ్మా," అన్నారు. ఆ గొంతు ఎంత చిన్నగా ఉందంటే, విజిల్ ఊదే మనిషి గొంతని ఎవరూ అనుకోరు. నేను గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని, కూరలు కొనకుండానే వేరే సందులోంచి ఇంటికొచ్చేశాను.

మర్నాడు పళ్ళెం బల్ల ముందు పెట్టారు. వేలం పాట నడిపే పెద్దమనిషి ఎప్పటిలాగే, "మాస్టారి టమాటాలు. మేడ మీద పండినవి. బజారు సరుకు కాదు," అని గట్టిగా అన్నాడు. ఆ మాట మావయ్యగారిదే, ప్రతి ఏడూ ఆయన దగ్గర నేర్చుకున్నదే. పాట పెరుగుతూ పోయింది. అందరూ ఆగిపోయాక కూడా జాకెట్లు కుట్టే అక్క చెయ్యి దించలేదు. పళ్ళెం ఆవిడకే వెళ్ళింది. ఆవిడ దాన్ని రెండు చేతులతో అందుకుని మావయ్యగారి వైపు చూసి నవ్వింది. ఆయన తన బూట్లకేసి చూసుకుంటున్నారు.

ఇంట్లో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అయిపోయిందనుకున్నాం.

ఎండలు ముదరకముందు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక జాకెట్లు కుట్టే అక్క పరుగులాంటి నడకతో మా దగ్గరికి వచ్చింది. "మాస్టారండీ, మా ఇంటికి రావాలండి. మీ మొక్కలు చూడాలి," అంది.

"నా మొక్కలా?"

"ఆ వేలంలో పాడుకున్న కాయలు ఒక్కటీ వండలేదండి. అన్నీ గింజకే పిండేశాను, మీరు చేసినట్టే మూడు రోజులు ఉంచి. సందులో ఎండ రాదు కదా, ఇంటి ఓనరు వాళ్ళని బతిమాలి మేడ మీద పెట్టుకున్నాను."

వెళ్ళకుండా ఉండడానికి కారణం దొరకలేదు. ఆయనతో నేనూ వెళ్ళాను. మేడ మీద నాలుగు బకెట్లు, ఒకే వరసలో. మొక్కలు ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో చెప్పలేను. మందపాటి కాండాలు, ముదురాకుపచ్చ ఆకులు, పాత చీర పేలికలతో కర్రలకి వదులుగా కట్టిన ముడులు. కాయల దగ్గరే వచ్చింది చిక్కు. ఒకదానికి కోలగా కాశాయి. ఒకదానికి ఉసిరికాయలంతేసి. ఒకటి ఎర్రబడకుండా పసుపు దగ్గరే ఆగిపోయింది. నాలుగోది నున్నగా గుండ్రంగా, అచ్చం బజారులో గుట్ట పోసిన కాయ. హైబ్రిడ్ కాయలోంచి గింజ తీస్తే తలో రకం వస్తాయని మావయ్యగారే ఎంతమందికో చెప్పగా నేను విన్నాను. గాట్లు పడిన కాయ ఒక్కటీ లేదు.

"మీ గింజే కదండీ," అంది ఆవిడ. గొంతులో తప్పు చేసిన పిల్ల బెదురు. "మరి ఇలా తలో రకంగా వచ్చాయేంటండీ?"

మావయ్యగారు చెయ్యి ముందుకి చాచారు, తల నిమరడానికి చాచినట్టు. చాచి వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు చెప్పేస్తారనుకున్నాను. చెప్పేయండి మావయ్యగారూ అని మనసులో దండం కూడా పెట్టుకున్నాను.

"నీళ్ళు ఎక్కువ పోసేశావమ్మా," అన్నారు.

"పొద్దున ఒక్కసారే పోశానండి. మీరు అందరికీ చెబుతారుగా, అలాగే."

"ఎక్కువే."

ఆవిడ తలూపింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "నా చెయ్యి మంచిది కాదండి, అంతే," అంది. మేం కిందికి దిగేటప్పుడు కాఫీ తాగి వెళ్ళమని అడిగింది. ఆయన వినిపించుకోనట్టే మెట్లు దిగిపోయారు. ఆ రోజు చంకలో మొక్క లేకుండా నడుస్తుంటే ఆయన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఊగుతోంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆవిడ చర్చిలో స్త్రీల కూడికలో ఆ మాటే అందరికీ చెప్పుకుంది. మాస్టారి గింజ తన చేతిలో పాడైపోయిందని. ఆ మొక్కలు పీకేసిందట. తరవాతి కోత పండుగకి బల్ల ముందుకి రాలేదు, వెనక బెంచీలో కూర్చుని కానుకల సంచిలో ఒక కవరు వేసి వెళ్ళిపోయింది. మావయ్యగారు కూడా ఏమీ తేలేదు. మొక్కలు పంచడం మానేశారు. ఎవరింటికీ తనిఖీకి వెళ్ళలేదు. తనిఖీలు ఆపమని ఆయన్ని అన్నేళ్ళు పోరిన నేను, మేడ మీద ఖాళీ డబ్బాలు చూసి, మళ్ళీ వెళ్ళి ఎవరితోనైనా గొడవపడితే బాగుండునని అనుకునేదాన్ని.

పెద్దాపురం దగ్గర పల్లెలో ఆయనకి అక్కగారు ఉన్నారు. ఆ పండుగ అయ్యాక బస్సెక్కి వెళ్ళి, ఆవిడ దగ్గర మిగిలిన వాళ్ళమ్మగారి అసలు గింజ తెచ్చారు. ఒక్క డబ్బాలో పోశారు. ఆరు ఆకులు వచ్చాక నన్ను తోడు తీసుకుని జాకెట్లు కుట్టే అక్క ఇంటికి వెళ్ళారు. ఆవిడ మిషను ఆపి లేచి నిలబడింది.

"ఇది అసలు విత్తనమమ్మా," అన్నారు.

"మళ్ళీ నాకెందుకండీ, పాడుచేస్తాను."

"పాడవదు." గొంతు సవరించుకున్నారు. నేను గుమ్మం దగ్గరే ఆగాను. "అది కాదమ్మా, ఆ కాయలు..." అని ఆగి, ఆవిడ ముఖం చూసి, "మిషను బాగా నడుస్తోందా?" అన్నారు.

"నడుస్తోందండి. నీళ్ళు ఎంత పొయ్యాలో ఈసారి కొలిచి చెప్పండి మాస్టారండీ."

"గ్లాసుడు చాలు," అన్నారు. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "నేను చూడ్డానికి రానులేమ్మా," అన్నారు. దారిలో నాతో, "వచ్చే ఆదివారం చెప్పేస్తాను అమ్మాయ్," అన్నారు. ఎన్నో ఆదివారాలు ఆరాధన అవగానే ఆవిడ వైపు నాలుగడుగులు వేయడం, మిషను గురించి అడిగి తిరిగి రావడం, ఇదే వరస.

ఆస్పత్రిలో మంచం మీద ఉండగా, మా ఆయన మందులకి కిందికి వెళ్ళినప్పుడు, నన్ను దగ్గరికి రమ్మన్నారు. "ఆ రోజు బజారులో నీ గొడుగు చూశానమ్మా," అన్నారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఆయనకి తెలియదనుకుని ఆయన పరువు నేను కాపాడుతున్నానన్న గర్వం ఉండేది నాలో. "నాకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. నేను పోయాక ఆ జాకెట్లు కుట్టే అమ్మాయికి నువ్వు చెప్పు. ముందు వద్దు," అన్నారు. అలాగేనన్నాను. నాకు జాలికన్నా కోపం ఎక్కువ వచ్చింది. ఆస్తి పంచినట్టు సిగ్గు కూడా పంచి పోతారా ఎవరైనా?

మొన్న ఆదివారం ఆ స్టీలు పళ్ళెం తెచ్చింది ఆవిడే. గాట్లు పడిన కాయలు, పలచటి తోలు, అన్నీ ఒకేలా. "మాస్టారి టమాటాలు," అని పాట మొదలవగానే నేను చెయ్యి ఎత్తాను, దించలేదు. పాట ముగిశాక సంచిలో వేసుకుని బయట చేతిపంపు దగ్గరికి వచ్చాను. ఆవిడ వెనకే వచ్చింది.

"మాస్టారు ఉంటే చూసి సంతోషించేవారండి. ఆయన ఇచ్చిన మొక్క కాయలోంచే గింజ తీశాను. ఈసారి ఒక్కటి కూడా రకం మారలేదు," అంది. తరవాత గొంతు తగ్గించి, "నీళ్ళు మాత్రం మా ఆయన చేత పోయించానండి. మొదట్నుంచీ నేను ముట్టుకోలేదు," అంది.

చెప్పాను. తల దించుకునే చెప్పాను. ఆ కాయలు బజారువని, శనివారం సాయంత్రం ఏరి తెచ్చినవని, అలాంటి కాయ గింజకి ఎవరు ఎలా నీళ్ళు పోసినా తలో రకమే వస్తాయని, అది ఆయనకి మేడ ఎక్కిన క్షణంలోనే తెలుసని, నాకూ తెలుసని. ఆయన తరఫున క్షమించమని అడగడానికి మాట వెతుక్కుంటున్నాను.

ఆవిడ పంపు కింద మడుగులోకి చూసింది.

"అయితే నేను నీళ్ళు సరిగ్గానే పోశానన్నమాట," అంది.

"సరిగ్గానే పోశారక్కా."

మావయ్యగారిని ఒక్క మాట అనలేదు. నన్నూ అనలేదు. తిడితే బాగుండుననిపించింది. ఆవిడ నా చేతిలోని సంచి నోరు తెరిచి, లోపల చెయ్యి పెట్టి వెతికి, బాగా పండిన కాయ ఒకటి తీసుకుంది. నన్ను అడగలేదు.

"గింజకి," అంది. "ఈసారి నీళ్ళు నేనే పోసుకుంటాను."

కాయని కొంగులో కట్టుకుని ఆవిడ వెళ్ళిపోయింది. నేను తలెత్తేసరికి సందు మలుపు తిరిగేసింది.